తలుపు లోపలి గీతలు

మా ఆయన దేనికైనా వంక పెట్టారంటే అది ఆయనకి నచ్చిందని అర్థం. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నన్ను చూడటానికొచ్చిన రోజున "అమ్మాయి ఎత్తు కాస్త తక్కువేమో" అని మా నాన్న మొహం మీదే అనేశారు. తీరా వీధి మలుపు తిరిగారో లేదో, చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకుంటానని వాళ్ళ అక్క ప్రాణం తీశారట!

పాత సామాన్ల వ్యాపారం మరి. సరుకు మీద మనకి మోజుందని తెలిసిందా, అమ్మేవాడు కొండెక్కి కూర్చుంటాడు. అందుకని మంచం నచ్చితే కోళ్ళు వంకరంటారు, బల్ల నచ్చితే చెదల వాసనంటారు. ఆఖరికి పన్ను పీకే డాక్టరు దగ్గర కూడా అంతే. "కదిలే పన్నే కదండీ, సగం పని నేనే చేసుకొచ్చాను" అని ఆయనతో బేరం! పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఈయన ఆ పుడకల్ని కూడా బేరమాడతారని నేను వెక్కిరించేదాన్ని. ఇప్పుడు ఆ మాట నా నోటెంట రావడం లేదు.

ఆ మధ్యాహ్నం మా వదిన, అదే ఆయన అక్క, పరుగులాంటి నడకతో మా కొట్టులోకి వచ్చింది. చొక్కాల కంపెనీలో గుండీలు కుట్టే పని ఆవిడది. పని మధ్యలో లేచొచ్చినట్టుంది, ఒంటినిండా దారప్పోగులే. ఆయాసపడుతూ ఫోన్ నా చేతిలో పెట్టింది.

"చూడు మరదలా, అదేనా? లేక నా కళ్ళే నన్ను మోసం చేస్తున్నాయా?"

అది వస్తువులు వేలం వేసే వెబ్‌సైట్. మా ఆయన కూడా అందులో కొంటూ అమ్ముతూ ఉంటారు. రెండు తలుపుల పాత చెక్క బీరువా ఒకటి అమ్మకానికి పెట్టారు. ఆఖరి ఫోటోలో ఎడమ తలుపు తీసి లోపలివైపు చూపించారు. కింద రాశారు కూడా: "కర్ర గట్టిది. లోపల గీతలున్నాయి, బయటికి కనబడవు."

వదిన రెండు వేళ్ళతో ఆ ఫోటోని పెద్దది చేసింది.

అవి పొట్టిగాడి గీతలు. వదినకి వాడొక్కడే కొడుకు. తోటి పిల్లల కన్నా కాస్త పొట్టి, దాంతో అందరికీ పొట్టిగాడైపోయాడు. ప్రతి పుట్టినరోజుకీ వాణ్ణి ఆ తలుపుకి వీపు ఆనించి నిలబెట్టి, నెత్తిమీద స్కేలు పెట్టి, మేకుతో గీసేది వదిన. ఒకచోట రెండు గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి. పైది వాడు మడమలెత్తి దొంగతనంగా గీయించుకున్నది. "దొంగవెధవా, దిగు కిందకి!" అని భుజాలు నొక్కిపట్టి మళ్ళీ గీసింది రెండోది. వాడికి రోషం వచ్చి, వచ్చే ఏడు తాళం కన్నం దాటకపోతే నా పేరు మార్చుకుంటానన్నాడు. ఆఖరి గీత తాళం కన్నానికి వేలెడు కిందే ఉండిపోయింది. జ్వరం వచ్చింది, వారం తిరక్కుండా పిల్లాడు పోయాడు.

అన్నయ్యగారు, అంటే వదిన భర్త, ఆ బీరువా ఉన్న గదిలోకి వెళ్ళలేకపోయేవాడు. ఒకసారి వదిన మా దగ్గరికొచ్చి నాలుగు రోజులుంటే, ఆ వ్యవధిలో ఇల్లు ఖాళీ చేసి సామాను మొత్తం ఎవరికో తోలేశాడు. వదిన ఆయన్ని పల్లెత్తు మాటనలేదు. తర్వాత ఆయనా పోయాడు. ఫోటోలున్నాయి కదా వదినా అని నేనొకసారి అంటే, "ఫోటోలో చెయ్యి పెడితే వాడి తల తగుల్తుందా?" అంది. ఇంకెప్పుడూ ఆ మాటెత్తలేదు నేను.

ఇప్పుడు అదే బీరువా!

ఆ పేజీలో రెండు బటన్లున్నాయి. ఒకటి "పాట పెట్టండి". దాని పక్కన, ఒక ధర వేసి, "వెంటనే కొనండి". ఆ ధర ఇచ్చేస్తే పాటా లేదు గీటా లేదు, సరుకు అప్పటికప్పుడు మనదే. ధర ఎక్కువే. కానీ వదిన గుండీ గుండీకీ కూడబెట్టుకున్న దాంతో అయ్యేదే.

"నా దగ్గరుందిరా తమ్ముడూ. నొక్కెయ్" అంది, గల్లాపెట్టె దగ్గరున్న మా ఆయనతో.

మా ఆయన ఫోన్ అందుకుని చాలాసేపు చూశారు. ఆయన కళ్ళు చెమర్చడం నేను చూశాను, లేదంటే నా నోరు పడిపోవాలి. మేనల్లుణ్ణి భుజాల మీంచి దించని మనిషి ఆయన. కానీ కళ్ళు తుడుచుకునేసరికి మేనమామ పోయాడు, వ్యాపారి కూర్చున్నాడు.

"అడిగినంతా పోసేస్తామా అక్కా? నీ డబ్బేమన్నా చెట్లకి కాసిందా? ఇంతవరకూ ఒక్కడూ పాట పెట్టలేదు చూడు. నేను తక్కువలో మొదలుపెడతాను. సగానికి కొట్టుకొస్తాను, నువ్వు చూస్తూ ఉండు."

"సగం వద్దురా, నాకేం లాభం వద్దు. నొక్కెయ్ నాయనా."

"ఏమండీ" అన్నాను నేను, "మొదటి పాట పడగానే ఆ 'వెంటనే కొనండి' మాయమైపోతుందని మీరే కదా చెప్పారు?"

"మాయమవ్వాలనే కదే నేననేది! అది పోతే ఇంకెవడూ గబుక్కున నొక్కి ఎత్తుకుపోలేడు. దీన్నే తెలివంటారు."

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆవిడ అంతలా బతిమాలుతుంటే..."

వింటేనా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పాట పెట్టేశారు. అంతటితో ఆగారా, లేదు. అమ్మేవాడికి ఒక కబురు కూడా రాశారు. నేను భుజం మీంచి చదివాను. "తలుపు లోపలంతా గీతలే. ఇంత అధ్వాన్నంగా గీకేసిన బీరువాకి ఎవరిస్తారండీ మీరడిగిన ధర? నా పాటకే ఇచ్చెయ్యండి."

"అయ్యో, వంక పెట్టడానికి ఆ గీతలే దొరికాయా మీకు!"

"పిచ్చిదానా, మనకి కావలసింది అవేనని వాడికి తెలిస్తే ఇంకేమైనా ఉందా? ధర ఆకాశానికెళ్తుంది."

కాసేపటికి జవాబొచ్చింది. "గమనించాను సార్" అని, అంతే. వాడు దిగిరాలేదు. పేజీ మళ్ళీ తెరిస్తే ఆ రెండో బటన్ ఉన్నచోట తెల్లగా ఖాళీ. వదిన ఆ ఖాళీని వేలితో తడిమింది.

"ఏదిరా అది? ఇందాక ఇక్కడే ఉందే?"

"అది పోవాలక్కా. నేనున్నాగా" అన్నారు ఈయన. వదిన తల ఊపి, తమ్ముడి మాట కాదనలేక పనికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నకల్లా ఇంకెవడో పాట పెంచాడు. ఈయన పెంచారు. వాడు పెంచాడు. ఇద్దరూ కలిసి సాయంత్రానికి ఆ "వెంటనే కొనండి" ధర దగ్గరికి తెచ్చారు, మరుసటి రోజుకి దాటించేశారు. హోటళ్ళలో పాత బీరువాలు అలంకారానికి నిలబెడుతున్నారట, అలాంటివాడెవడో అయ్యుంటాడు. వదిన రోజూ పని దిగగానే కొట్టుకి వచ్చేది. ఏమైందని అడిగేది కాదు. స్టూలు మీద కూర్చుని ఆయన మొహం చూసేది. ఆయన ఆ చూపు తప్పించుకోవడానికి దుమ్ములేని కుర్చీలన్నీ తుడిచేవారు.

నేను మాత్రం ఊరుకోలేదు. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఒక్క వేలు పెట్టి నొక్కితే ఈపాటికి బీరువా వదిన ఇంట్లో ఉండేది. మీ బేరాలు మండిపోను!" అని అన్నం పెడుతూ తిట్టాను, గిన్నెలు తోముతూ తిట్టాను. మామూలుగా ఒకటంటే నాలుగనే మనిషి, తలొంచుకుని సగం అన్నం వదిలేసి లేచిపోయారు. అప్పుడు నాకే భయమేసింది.

పాట ముగిసే సాయంత్రం ముగ్గురం ఫోన్ చుట్టూ చేరాం. ఆఖరి నిమిషంలో వాడు మళ్ళీ పెంచాడు. వదిన గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది, అంతే. మా ఆయన వ్యాన్ కొందామని దాచిన డబ్బు మొత్తం కలిపి ఒకేసారి పాడేశారు. వాడు మళ్ళీ పెంచలేదు. బీరువా మనది!

వదిన ఆయన తల పట్టుకుని దగ్గరికి లాక్కుని ఏడ్చింది, నవ్వింది. "నేను వెధవనక్కా. పైన పడ్డదంతా నాదే, దానికి నువ్వు పైసా ఇవ్వొద్దు" అంటున్నారు ఈయన. "ఎంతైతే ఏంట్రా, వస్తోందిగా" అంటోంది ఆవిడ. నేను కూడా ముక్కు చీదుకుంటూ ఇద్దరికీ కాఫీ పెట్టాను. అమ్మినవాడికి ఆ పూట ఒక్క ముక్క రాసుండాల్సింది, ఆ తలుపు జోలికి పోకు నాయనా అని. ఎవరికి తోచింది? ఇంత నోరున్నదాన్ని, నాకు మాత్రం తోచిందా?

బీరువాని అమ్మినవాడే మా కొట్టుకి తెచ్చాడు. వడ్రంగిపని చేసే కుర్రవాడు, మంచివాడు. ఇద్దరు కూలీలతో వ్యాన్ లోంచి దించి, గోడకి తగలకుండా జాగ్రత్తగా నిలబెట్టాడు. వదిన ఆ రోజు సెలవు పెట్టి, పొద్దున్నే తలస్నానం చేసి వచ్చింది. ముందుకెళ్ళబోయి, ధైర్యం చాలక నా చెయ్యి పట్టుకుంది.

"మీరు రాసింది నిజమే సార్" అన్నాడు కుర్రవాడు మా ఆయనతో, "లోపల మహా ఘోరంగా ఉండేది. నాకు మాత్రం తెలీదా, కానీ ముందు బద్ధకించాను. మీరేమో నేనడిగిన దానికన్నా ఎక్కువ పెట్టి కొన్నారు. అంత ధర తీసుకుని మాట పడకూడదు కదండీ. రెండు రోజులు కూర్చున్నాను."

ఎడమ తలుపు బార్లా తీశాడు.

చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ వేశాడు. అద్దంలా ఉంది. కిటికీలోంచి వచ్చే వెలుతురు దాని మీద కిందా పైనా జారుతోంది. మేము ముగ్గురం అందులో మసగ్గా కనబడుతున్నాం.

మా వాలకం చూసి కుర్రవాడి మొహంలో సంతోషం కొంచెం కొంచెంగా తగ్గింది.

"ఇంకేమైనా వంకుందా సార్?"

మా ఆయన అలవాటుగా తలుపుని కిందనుంచి పైదాకా చూశారు.

"ఏ వంకా లేదు" అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. వినకుండా పోయినా బావుండేది.

వదిన నా చెయ్యి వదిలి తలుపు ముందు చతికిలబడింది. అడుగు నుంచి అరచేయి ఆనించి, నెమ్మదిగా పైకి జరుపుతూ పోయింది. ఒకచోట ఆగేది, ఇంకాస్త పైకి పోయేది. తాళం కన్నానికి వేలెడు కింద ఆగిపోయి, చెయ్యి అక్కడే ఉంచింది.

"ఇక్కడిదాకా" అంది.

కుర్రవాడు వంగి చూశాడు. "చిన్నపిల్లలున్నారా అమ్మా? పోనీ వాళ్ళకి అందేట్టు ఒక అర కిందికి దించిపెట్టనా? డబ్బులేం వద్దులెండి."

"వద్దు నాయనా" అంది వదిన. "పని బాగా చేశావు. వెళ్ళిరా."

వ్యాన్ వెళ్ళిపోయింది. మా ఆయన గల్లాపెట్టెలోంచి టేపూ పెన్సిలూ తీసుకొచ్చారు. ఫోన్‌లో పాత ఫోటో తెరిచి, అక్క పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డారు.

"ఫోటో ఉందక్కా. కొలిచి అన్నీ మళ్ళీ గీసేస్తాను. ఒక్కటి కూడా వదలను. ఎక్కడెక్కడో నువ్వు చెప్పు చాలు."

వదిన ఆయన చేతిలోంచి పెన్సిల్ తీసుకుని పక్కన పెట్టింది. కోప్పడలేదు. చిన్నప్పుడు ఎలా నిమిరేదో అలాగే తమ్ముడి తల నిమిరింది.

"గీయాలంటే వాడొచ్చి నిలబడాలి కదరా."