సున్నం గీత

పెద్దక్క చేతిలోని, గెలలు లాగే కర్రను కూలీల కాంట్రాక్టరు లాక్కొని లారీ చక్రం కిందికి విసిరాడు. లారీ కదిలింది, కర్ర విరిగింది. ఆ చప్పుడుకు యార్డులో ఆడవాళ్ళంతా పని ఆపి ఇటు తిరిగారు.

పామాయిల్ మిల్లులో లారీల నుంచి గెలలు దింపే ఆడవాళ్ళకు ఆమె పెద్ద దిక్కు, అందుకే పెద్దక్క. ఆమె చేసిన నేరం ఒక్కటే. ఆ లారీలో వచ్చిన గెలలను పాత తోటల గెలల కుప్పలో కలపనన్నది.

"గెలకి పేరుందా, ఊరుందా? నూనె పిండాక ఏది ఏ తోటదో నీ బాబు చెప్తాడా?" అని కాంట్రాక్టరు అరిచాడు.

"మా బాబు చెప్పలేడు. అందుకే పిండకముందే వేరుగా పెడుతున్నా."

ఆ లారీ బోడికొండ నుంచి వచ్చింది. ఒకప్పుడు అది అడవి. మిల్లు యజమాని దానిని నరికించి తోట వేశాడు. కొండ దిగువన ఉన్న ఊట ఎండిపోయింది. ఇప్పుడు దాని పక్కనున్న రెండవ కొండ మీద చెట్ల మొదళ్ళకు ఎర్రరంగు పూశారు. వానలు వెలిసిన వెంటనే గొడ్డళ్ళు అక్కడికి వెళతాయి. కూలీల గదుల ముందున్న ఒకే ఒక కుళాయికి నీరు ఆ కొండ నుంచే వస్తుంది. పెద్దక్క పుట్టిల్లు, ఆమె తమ్ముడి సంసారం, ఆ కొండ పాదాననే ఉన్నాయి.

ఈ మిల్లు నూనెను పట్టణంలో వరుసగా దుకాణాలు నడిపే ఒక పెద్ద కంపెనీ కొంటుంది. అడవి నరికిన నేల పంటను తాము ముట్టబోమని డబ్బా మీద ఆకుపచ్చ అక్షరాలతో అచ్చువేస్తుంది. కార్మికులారా, విద్యార్థులారా, ఆ మాట వ్రాసినవాడు అబద్ధమాడాలని వ్రాసి ఉండకపోవచ్చు. కాని ఆ మాట నిలబడటమో కూలిపోవటమో జరిగేది అతని కార్యాలయంలో కాదు, ఈ యార్డులో, రెండు కుప్పలు కలిసే చోట.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర సమావేశం జరిగింది. కూలీల పిల్లలకు చదువు చెప్పే నన్ను అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. "మాస్టారి గొప్పతనం చూసి కాదులే, కుర్చీ ఉన్నది ఆయన ఇంట్లోనే," అని పెద్దక్క వేళాకోళమాడింది.

చంకలో బిడ్డ ఉన్న ఒక తల్లి నిలదీసింది. "అక్కా, నీకేం, ఒంటిదానివి. పని పోతే మా గతేంటి? అడవి అన్నం పెడుతుందా?"

"పెట్టదే. అన్నం వండటానికి నీళ్ళు పెడుతుంది. నరికిన కొండ గెలలు కొనేవాడు లేకపోతేనే రెండో కొండ జోలికి పోరు. దాని ఊట కూడా ఎండాక బియ్యంలో ఏం పోస్తావో చెప్పు."

కుప్పలు కలపకూడదన్న తీర్మానానికి చేతులెత్తమన్నాను. ఆ తల్లి బిడ్డను చంక మార్చుకుని, చెయ్యి ఎత్తింది. ఆ తరువాత అందరి చేతులూ లేచాయి.

మరునాడు యార్డు మధ్యలో సున్నంతో గీత గీశారు. ఇటు పాత తోటల కుప్ప, అటు బోడికొండ కుప్ప. దింపే పని రెట్టింపయింది. ముళ్ళు గుచ్చుకున్న చేతులు వాచాయి. విచిత్రమేమిటంటే కాంట్రాక్టరు ఇక తిట్టలేదు. నవ్వుతూ చూస్తూ నిలబడ్డాడు.

ఆ నవ్వు ఎందుకో బాయిలరు మేస్త్రి చెప్పాడు. అతడు పర్మినెంటు ఉద్యోగి. అటువంటివారు దింపుడు కూలీల పక్కన టీ తాగరు. కొన్నాళ్ళకు ఒకరోజు గ్లాసు పట్టుకుని వచ్చి గీతను చూశాడు.

"ఎంత ఒళ్ళు హూనం చేసుకుంటున్నారమ్మా! లోపల రెండు కుప్పలూ నా ఆవిరి తొట్టిలోనేగా ఉడుకుతున్నాయి. ఒకే ట్యాంకులోకేగా నూనె పోతోంది."

ఆడవాళ్ళు ఎక్కడివారక్కడ నేల మీద కూలబడ్డారు. ఇన్నాళ్ళ చాకిరీ గోడ అవతల ఆవిరై పోతున్నది!

పెద్దక్క మేస్త్రిని అడిగింది. "బాబాయ్, ఈ ముక్క మొదటిరోజే చెప్పొచ్చుగా?"

"నన్నెవరైనా అడిగారా? పర్మినెంటు వాళ్ళతో మనకేంటన్నది ఎవరు?"

"మీరెప్పుడైనా మా పక్కన నిలబడి టీ తాగారా?"

మేస్త్రి గ్లాసు వంక చూసుకున్నాడు. "ఇప్పుడు తాగుతున్నాగా."

అలసిపోయిన చోటనే మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది. బాయిలరు వాళ్ళతో వాదించాలి, ట్యాంకు వాళ్ళను ఒప్పించాలి, నూనె తీసుకుపోయే ట్యాంకరు డ్రైవరును కూర్చోబెట్టాలి. ప్రతి చోటా అదే భయం, అదే ప్రశ్న, పెద్దక్క నోట అదే జవాబు. చివరికి ఆమె గొంతు బొంగురుపోయింది.

ఇంతలో గీత సంగతి విని కంపెనీ కొనుగోలు అధికారి వచ్చాడు. గీతకు ఇవతల నిలబడి ఇంగ్లీషులో సుదీర్ఘంగా ప్రసంగించాడు. అనువదించే బాధ్యత నాకు అప్పగించారు.

"సరఫరాలో మచ్చ ఉందని తేలితే ఈ మిల్లు నుంచి కొనడం మానేస్తారట," అన్నాను.

కాంట్రాక్టరు మళ్ళీ నవ్వాడు. కొనేవాళ్ళు మిల్లు యజమానికి ఇంకా ఉన్నారు.

పెద్దక్క ముందుకు వచ్చింది. "మానేస్తే ఎవరికయ్యా నష్టం? ఇంకొకడొచ్చి రెండూ కలిపి కొంటాడు. మీ డబ్బా శుభ్రంగా ఉంటుంది, మా కొండ బోడవుతుంది. వెళ్ళిపోకండి. ఉండి కొనండి. తొట్టి వేరు, ట్యాంకు వేరు పెడితేనే కొంటామనండి. ఆ ఖర్చు మీ ధరలో వేసుకోండి. పాత తోటల రైతుతో ఏళ్ళ తరబడి కొంటామని ఒప్పందం రాయండి. రెండో కొండ మీద గొడ్డలి పడిందా, ఈ యజమానికున్న ఏ మిల్లులోనూ చుక్క నూనె కొనమనండి. ఆ మాట ఇక్కడ, ఈ కాంట్రాక్టరు మొహం మీద చెప్పండి."

ఒక్క మాట కూడా తగ్గించకుండా ఇంగ్లీషులో చెప్పాను. అధికారి తల ఊపి, మళ్ళీ ఎంతోసేపు మాట్లాడాడు.

"పైవాళ్ళకు తెలియజేస్తారట."

"ఇంతసేపు వాగింది అదేనా మాస్టారూ?"

"సారాంశం అంతే."

యార్డంతా నవ్వింది. కారు వెళ్ళిపోయింది. నవ్వు కూడా ఎక్కువసేపు నిలవలేదు.

మరునాడు బోడికొండ లారీలు బారులు తీరాయి. వాటి వెంట పోలీసు జీపు వచ్చింది. ఆడవాళ్ళు గీత మీద కూర్చున్నారు. పనికి ఆటంకం కలిగిస్తున్నదని పెద్దక్కను లేవదీశారు. ఆమె పెనుగులాడలేదు.

"పదండి బాబూ. జీపులోనైనా కాసేపు కూర్చుంటాను. నిలబడీ నిలబడీ కాళ్ళు పీకుతున్నాయి."

ఎక్కుతూ వెనక్కి తిరిగి ఒక్క మాట అన్నది. "కలపొద్దు."

జీపు గీతను చెరుపుకుంటూ వెళ్ళింది. "ఇంకేంటి చూస్తారు? రెండు కుప్పలూ తొయ్యండి లోపలికి!" అని కాంట్రాక్టరు కేకవేశాడు.

అప్పుడు మిల్లు హోరు తగ్గింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. బాయిలరు గది తలుపు తెరుచుకున్నది. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ మేస్త్రి, అతని వెనుక లోపలివాళ్ళంతా బయటికి వచ్చారు.

"ఆవిరి దించేశాం."

"గెలలు ఆగవురా! ఎండలో నూనె చెడిపోద్ది!"

"చెడనీ."

ట్యాంకరు డ్రైవరు బండిని గేటుకు అడ్డంగా నిలిపి తాళం చెవి జేబులో వేసుకున్నాడు. "పట్టణంలో కంపెనీ గోడౌన్లో డబ్బాలు దించేది మా తోడల్లుడే. ఇక్కడి సరుకు వస్తే ముట్టొద్దన్నాను. 'ఏంట్రా మీ గొడవ?' అన్నాడు. చెప్పాను. 'సరే, మావాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడతా' అన్నాడు."

మేస్త్రి సున్నం తట్ట అందుకున్నాడు. టైర్లు చెరిపిన చోట వంగి మళ్ళీ గీత గీయసాగాడు. అలవాటు లేని పని.

"బాబాయ్, వంకరపోతోంది," అన్నది బిడ్డ తల్లి.

"ముందు పడనియ్యమ్మా. దిద్దుకుందాంలే."

ఆమె బిడ్డను దించి, తట్టకు రెండో వైపు పట్టింది. గీత గేటు వైపు సాగింది. దానికి అటువైపు లారీలలో గెలలు ఎండుతున్నాయి. ఇటువైపు అందరం కూర్చున్నాము.