చెమటలో మెంతి వాసన

సఫీ పట్నంలో సముద్రం మీది మంచు పిలవని చుట్టంలా తెల్లారకముందే ఊళ్ళోకి వచ్చి కూర్చుంటుంది, పదింటిదాకా లేవదు. ఆ మంచులో పరిగెత్తుతుంటే సుకైనాకి తన కాళ్ళు తనవి కావనిపించేది. కింద ఎవరో పరిగెడుతున్నారు, పైన తాను తేలిపోతోంది. కుమ్మరి దిబ్బ, చేపల రేవు, మసీదు గోడ, అన్నీ పాలలో ముంచి తీసినట్టు కనిపించేవి. బాక్సింగ్ వంటబట్టడమంటే ఇదే కాబోలనుకుంది పిచ్చిపిల్ల. అది ఆకలని ఆమెకు తెలియలేదు.

పందొమ్మిదేళ్ళది. కాలేజీ చదువు కోసం అగాదీర్ నుంచి వచ్చి అమ్మమ్మ తామూ దగ్గరుంటోంది. బాక్సింగ్‌లో చేరి నాలుగు నెలలైంది. చేరిన రోజు తూకం ముల్లు యాభై ఆరు దగ్గర ఆగితే, "యాభై ఏడు కిలోల లోపు విభాగం నీకు కొలిచి కుట్టినట్టుందే" అంది కోచ్ బుష్రా. ఆ మాట పిల్ల మనసులో శిలాశాసనమైపోయింది. ఈ శనివారమే మొదటి పోటీ. శుక్రవారం సాయంత్రం బరువు తూస్తారు. ఇవాళ గురువారం. పొద్దున తూకం ఎక్కితే యాభై ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు.

బరువు పెరగడం మొదలై రెండు నెలలు కావస్తోంది. దానికి కారణం ఎవరో సుకైనా ఎప్పుడో తేల్చేసుకుంది. ఒకనాడు వంటింటి పై అటక మీద నీలం జాడీ కనిపించింది. మూత తీస్తే మెంతిపిండీ తేనే కలిపి కట్టిన ఉండలు. సఫీలో ఆ ఉండలెందుకో అడగక్కర్లేదు. పెళ్ళి కుదిరిన పిల్ల ఒళ్ళు చేయాలని నలభై రోజుల పాటు తినిపిస్తారు. అమ్మమ్మ కూడా ఊరుకునే మనిషి కాదు, "పుల్లల్ని ఎవడు చేసుకుంటాడే, పొయ్యిలో పెట్టుకోడానికా?" అని రోజూ దెప్పుతూనే ఉంటుంది. ఇంకేం కావాలి? అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. రొట్టె పెడితే, "ఇందులో ఏమేశావు?" సూప్ పోస్తే, "ఇందులో ఏమేశావు?" చివరికి వారం కిందట అమ్మమ్మ చేతి తిండే మానేసింది.

తిండికి బదులు మాత్రలు. మొదట్లో రక్తపరీక్ష చేయించి, ఇనుమూ విటమిన్ డీ తక్కువున్నాయని ఆ రెండే వేసుకోమంది కోచ్. "ఇవి కూరలో ఉప్పులాంటివే. ఉప్పు లేకపోతే కూర చప్పగా ఉంటుంది. అలాగని ఉప్పే తిని బతుకుతావా?" అని కూడా చెప్పింది. పిల్ల సగమే విన్నది. ఫోన్‌లో ప్రకటనలు చూసి ఇంకో మూడు డబ్బాలు తెప్పించుకుంది. కిటికీలో అయిదు డబ్బాలు బారుగా నిలబడి ఉండేవి. పొద్దున ఎర్రవి రెండు, పసుపుది ఒకటి, మధ్యాహ్నం తెల్లవి రెండు, దోసకాయ ముక్కలు, ఒక గుడ్డు. అంతే. బలమంతా డబ్బాల్లోనే ఉందని నమ్మింది.

కిందటి వారం కోచ్ టేపు పట్టుకుని కొలిచింది. "నడుము రెండు వేళ్ళు తగ్గింది, భుజం వేలెడు పెరిగింది. దిగులుపడకే, అరవై కిలోల విభాగంలో ఆడదాం. తూచేదాకా మార్చుకోవచ్చు." ఓదార్పు మాటలే అనుకుంది సుకైనా. పైగా అరవైలో మరాకెష్ పిల్ల కౌతర్ ఉంది. తనకన్నా తలెడు ఎత్తు, తాటిచెట్టులా ఉంటుంది. అరవై అంటే కౌతర్ చేతి దెబ్బే. యాభై ఏడులోకి దూరకపోతే మొదటి పోటీయే తనకు ఆఖరిదవుతుందని ఆమె భయం.

అందుకే ఆ మధ్యాహ్నం హమ్మామ్‌కి, ఊరి ఆవిరి స్నానశాలకి, బయల్దేరింది. చెయ్యకూడదని కోచ్ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిన పని అదే. నీళ్ళు మానేసి ఆవిరిలో కూర్చుని చెమటోడ్చితే కిలోన్నర దిగుతుంది. తామూ ఆ హమ్మామ్‌లోనే ముప్పై ఏళ్ళుగా ఒళ్ళు రుద్దే పని చేస్తోంది. ఆమె మధ్యాహ్నపు నమాజుకి ఇంటికెళ్ళే వేళ చూసుకుని మనవరాలు లోపలికి జారుకుంది. చల్ల గది దాటింది, వెచ్చ గది దాటింది, వేడి గదిలో గోడ వారగా కూర్చుంది.

ఆవిరి మెల్లగా పైకి లేచి కప్పు కింద మబ్బు కట్టింది. కప్పుకున్న గాజు కన్నాల్లోంచి వెలుతురు పాయలు పాయలుగా దిగుతోంది. బకెట్ల చప్పుడు ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టుంది. కాసేపటికి ఆ వెలుతురు పాయల మధ్యనుంచి పెళ్ళికూతుళ్ళు వరసగా నడిచి రావడం మొదలైంది. చేతులకు గోరింట, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో నీలం జాడీ. నిండైన ఒళ్ళు, నెమ్మదైన నడక. వాళ్ళ వెనక అమ్మ రబీయా, పెళ్ళి ఫొటోలో ఉన్నట్టే, బుగ్గలు ఉబ్బి, కళ్ళు చిన్నవై. "అమ్మా, నువ్వెందుకొచ్చావు?" అని అడగబోయింది. రబీయా జాడీ మూత తీసింది. లోపల ఏమీ లేదు, మంచు ఉంది. అది బయటికొచ్చి సుకైనాని మెత్తగా ఎత్తుకుంది. హాయిగా ఉంది. ఇక బరువే లేదు.

కళ్ళు తెరిచేసరికి చల్ల గదిలో ఉంది. తల అమ్మమ్మ ఒళ్ళో. పెదాల మీద కమలాపండు రసం.

"మింగు. మింగవే మొండిదానా! ఇంకో గుక్క. నమాజు చాప కూడా పరవకముందే కబురొచ్చింది, నీ మనవరాలు పడిపోయిందని. నా గుండె నా దగ్గరుందనుకున్నావా?"

ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంబెడు తాగించింది. కాస్త ఓపికొచ్చాక సుకైనా మొదట అన్న మాట థాంక్స్ కాదు.

"అంతా నీవల్లే. నీ మెంతుల వల్లే. నేను ఆడకూడదనే కదా నాకు తినిపించావు?"

గదిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు తలలు తిప్పారు. తామూ నోరు ఊళ్ళో పేరున్న నోరు. ఒకటంటే పది అనగలదు. ఇవాళ మాత్రం ఒళ్ళు రుద్దే నల్ల తొడుగు చేతికి వేసుకుని మనవరాలి చెయ్యి పైకెత్తి ఒక్కసారి రుద్దింది. ఆ తొడుగు పిల్ల ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన చూడు."

"ఏముంది చూడ్డానికి?"

"చూడవే. ఈ ఊరి పిల్లవేనా నువ్వు? మూడు రోజులు మెంతులు తింటే పది రోజులు ఒళ్ళు చెబుతుంది. పెళ్ళికూతురు ఇంకా వెచ్చ గదిలో ఉండగానే వేడి గదిలో ఉన్న నాకు తెలిసిపోతుంది. నీ చెమటలో మెంతి వాసన ఉందా?"

సుకైనా పీల్చింది. నల్ల సబ్బు. ఉప్పు. మాత్రల చేదు కాస్త. అంతకన్నా ఏమీ లేదు. మళ్ళీ పీల్చింది. తలుపు పక్కనున్న ఆవిడ నవ్వాపుకుంటూ, "మా కోడలికి తినిపించాం, దుప్పట్లు కూడా మెంతి వాసన కొడుతున్నాయి" అంది.

"మరి జాడీ?"

"కసాయి వాళ్ళ పిల్ల మునా కోసం చేసిందది. వచ్చే నెల పెళ్ళి. తనే అడిగి చేయించుకుంది." తామూ తొడుగు తీసి మోకాలి మీద పెట్టుకుంది. "అడక్కుండా పెట్టింది ఒక్కదానికే. మీ అమ్మకి. రొట్టెలో కలిపి పెట్టాను, నలభై రోజులు. పెళ్ళినాడు ఇక్కడే స్నానం చేయిస్తుంటే తన చెమట వాసన తనకే తెలిసింది. నా మొహంలోకి ఒక్కసారి చూసింది, అంతే. ఇరవై ఏళ్ళైంది. అగాదీర్ నుంచి వస్తే తన రొట్టె తను మూట కట్టుకుని వస్తుంది. నా చేతి ముద్ద ముట్టదు." తొడుగు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "నువ్వూ నెలబట్టి అదే మాట అడుగుతున్నావు. ఇందులో ఏమేశావు, ఇందులో ఏమేశావు. చేసుకున్నదాన్ని, పడాలి కదా" అంది.

అమ్మ మూట కట్టుకొచ్చే రొట్టెను సుకైనా చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉంది. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"మరి ఈ బరువెక్కడిది అమ్మమ్మా?" అంది చాలా చిన్నగా.

"పొర్లు." బోర్లా పడుకోబెట్టి వీపు మీద బొటనవేళ్ళు దించింది తామూ. "నాలుగు నెలల కింద ఇక్కడ నా వేలు కణుపుదాకా దిగేది. ఇప్పుడు చూడు, దిగట్లేదు. కొవ్వైతే వేలి కింద జారుతుంది. ఇది ఎదురు తంతోంది. కండే ఇది. మీ తూకానికి కళ్ళు లేవు, దానికి కండైనా ఒకటే కొవ్వైనా ఒకటే. నీ కోచ్ చెప్పలేదా?"

"చెప్పింది."

"చెబితే?"

"వినలేదు."

"వింటే నా మనవరాలివెందుకవుతావు!"

సాయంత్రం మంచు మళ్ళీ వీధుల్లోకి దిగుతుండగా సుకైనా కోచ్‌కి ఫోన్ చేసి, జరిగిందంతా దాచకుండా చెప్పింది. బుష్రా తిట్టాల్సినంతా తిట్టింది. మూడు డబ్బాలు కాలవలో పారేయమంది. "రేపు పొద్దున డాక్టర్‌కి చూపిస్తాను. ఆవిడ ఊఁ అంటేనే ఆట."

"అలాగే కోచ్. ఊఁ అంటే నన్ను అరవైలో రాయండి."

"కౌతర్ ఉంది, తెలుసుగా?"

"తెలుసు. కొడుతుందేమో. కొట్టనివ్వండి, నేనూ ఊరికే నిలబడను."

డాక్టరమ్మ చూసింది, రెండుసార్లు చూసింది, తిని ఆడమంది.

శుక్రవారం మధ్యాహ్నం సఫీలో ఏ గుమ్మం ముందు నిలబడినా గోధుమరవ్వ కుస్‌కుస్ ఆవిరే. తామూ పొద్దున్నుంచీ రవ్వను చేత్తో నలుపుతూ మూడుసార్లు ఉడికించింది. పెద్ద మట్టి పళ్ళెంలో గుట్టగా పోసి, పైన గుమ్మడి, ముల్లంగి, శనగలు, మాంసం సర్ది పులుసు పోసింది. సుకైనా ఎదురుగా వచ్చి కూర్చుంది. తామూ ఆమెకు చెంచా ఇచ్చి తన వైపున్నది తినడం మొదలుపెట్టింది, నెలరోజులుగా చేస్తున్నట్టే, ఆమె వైపు చూడకుండా.

సుకైనా చెంచా పక్కన పెట్టేసింది.

"చిన్నప్పుడు పెట్టేదానివే, అలా పెట్టు."

తామూ చెయ్యి పళ్ళెం మీద ఆగింది. కొంచెం కుస్‌కుస్ తీసుకుంది. గుమ్మడి ముక్క చిదిపి కలిపింది. అరచేతిలో ఎగరేస్తూ గుండ్రంగా ఉండ చుట్టింది. చుట్టడం అయిపోయినా చుడుతూనే ఉంది. చివరికి మనవరాలి పెదాల దాకా తెచ్చి అక్కడే ఆపింది. ఎప్పుడూ వచ్చే ప్రశ్న కోసం ఆగింది.

కిటికీలో రెండే డబ్బాలున్నాయి. సుకైనా నోరు తెరిచి కూర్చుంది.

"అడగవా?" అంది తామూ.

పిల్ల తల అడ్డంగా ఊపింది, నోరు మూయకుండానే.