సొట్టకు తీసిన అచ్చు

ఆ రోజు పొద్దున ఆకాశం సగం తోమి వదిలేసిన గిన్నెలా ఉంది. తూర్పు పక్క తెల్లబడింది, పడమటి పక్క ఇంకా మసి. కురవాలో వద్దో తేల్చుకోలేక మబ్బు మా షెడ్డు రేకుల మీదే నిలబడిపోయింది. నేను పళ్ళు తోముకుంటూ దాన్ని చూస్తున్నాను. అప్పుడు వినపడింది చప్పుడు.

మా బావ సుత్తి చప్పుడు నాకు కొత్త కాదు. సొట్టలు పోయిన గిన్నెలు, డేగిసాలు బాగుచేయడం మా పని. ఇత్తడి ఒకలా పలుకుతుంది, రాగి ఇంకోలా. అల్యూమినియం పలకదు, దగ్గుతుంది. ఈ చప్పుడు వాటిలో ఏదీ కాదు. పల్చటి రేకు, వెనకాల డొల్ల. నోట్లో నురుగుతోనే షెడ్డు వెనక్కి నడిచాను.

మా కారు డిక్కీ తలుపు ఎత్తి ఉంది. బావ దాని కింద ఒంగి, బయటి పక్క ఇసక సంచి ఆనించుకుని, లోపలి నుంచి చెక్క సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తున్నాడు. నిన్న సాయంత్రం దాకా అక్కడ పళ్ళెమంత సొట్ట ఉంది. ఇప్పుడు లేదు.

"అయిపోవచ్చింది," అన్నాడు నన్ను చూసి. "మీ అక్క లేచేసరికి తుడిచేస్తాను. చూడు, ఏమైనా తేడా కనిపిస్తోందా?"

కనిపించలేదు. వచ్చిన చిక్కల్లా అదే.

ముందు రోజు మధ్యాహ్నం మా కారు బీమా కంపెనీ నుంచి ఫోను వస్తే నేనే ఎత్తాను. ఇంట్లో ఇంకెవరూ లేక ఎత్తాను. అవతల అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"వాహనం ప్రస్తుతం ఏ స్థితిలో ఉందండీ?"

"నిలబడి ఉంది."

"నడిపే స్థితిలో ఉందా అండీ?"

"బండి ఉంది. నడిపే మనిషే లేదు."

కాసేపు ఏదో టైపు కొట్టిన చప్పుడు. "రేపు పదింటికి మా సర్వేయరు వస్తారు సార్. అప్పటిదాకా వాహనాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఇంట్లో అందరికీ చెప్పండి."

సరే అన్నాను. ఎవరికీ చెప్పలేదు. మరిచిపోయి కాదు. నాలుగు రోజులుగా ఆ కారు దగ్గరికే ఎవరూ పోవడంలేదు, పోనివాళ్ళకు పోవద్దని చెప్పడమెందుకు అనుకున్నాను. మాట బయటికి తీయడం నాకు చిన్నప్పట్నుంచీ కష్టం.

నడిపే మనిషి మా అక్క. మా ఇంట్లో స్టీరింగు పట్టేది ఆమె ఒక్కతే. బావకు రోడ్డంటే భయం, నాకు హారన్లంటే భయం. హోటళ్ళ వంటగదుల నుంచి సొట్ట గిన్నెలు తేవడం, బాగైనవి ఇచ్చి రావడం పదకొండేళ్ళుగా అక్క పని. ఐదు రోజుల కిందట సిగ్నలు దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి సామాన్ల వ్యాను గుద్దింది. అక్క దిగేసరికి వ్యాను నడిపేవాడు బండిని నాలుగడుగులు వెనక్కి తీసి, "నువ్వే వెనక్కొచ్చావు కదమ్మా, నేను ఆగే ఉన్నాను," అన్నాడు. ఎంత నమ్మకంగా అన్నాడంటే, అక్క తిరిగి పోయి తన గేరు వంక చూసుకుంది. వాడు ఫోటోలు కూడా తీసుకుని పోయాడు. మూడో నాటికి వ్యాను తాలూకు బీమా కంపెనీ రాసిన ఉత్తరం వచ్చింది. మీ కారు వెనక్కి వచ్చి, నిలిచి ఉన్న మా వాహనాన్ని గుద్దినది అని.

అది చదివి అక్క తాళంచెవిని గోడ మేకుకు తగిలించింది. గిన్నెలు నేను తోపుడు బండి మీద తోలుతున్నాను.

ఫోను వచ్చిన రోజు సాయంత్రం కూరగాయలు తరుగుతూ ఉన్నట్టుండి అంది, "నేనే రివర్సు వేశానేమోరా."

"లేదక్కా."

"నువ్వు చూశావా?"

చూడలేదు.

"అంత పెద్ద కాగితం మీద ఊరికే రాస్తారా. వాళ్ళు రాసిందే నిజమని తేలితే ఇక ఈ జన్మకు స్టీరింగు ముట్టను. ఇప్పుడైతే రేకు. రేపు ఏ పసిబిడ్డో వెనకాల ఉంటే?"

బావ ఆ మాటలు విన్నాడు. తెల్లారకముందే లేచి సొట్ట తీయడానికి కారణం అదీ. సొట్ట కళ్ళపడకపోతే ఆమె మళ్ళీ బండెక్కుతుందని ఆయన లెక్క. సొట్ట పడ్డ గిన్నె ఇంట్లో ఉంటే ఆయనకు నిద్రపట్టదు, అది కూడా ఉందనుకోండి.

నోరు పుక్కిలించి వచ్చి చెప్పాను. "బావా, దాన్ని ముట్టుకోవద్దన్నారు."

"ఎవరు?"

"కంపెనీవాళ్ళు. ఇవాళ సర్వేయరు వస్తాడట."

"ఎప్పుడు చెప్పారు?"

"నిన్న."

బావ సుత్తి కింద పెట్టాడు. నన్ను తిట్టలేదు. "నీ నోరు తెరవడానికి కూడా ఒక సర్వేయరు రావాలిరా బామ్మర్దీ," అని మాత్రం అన్నాడు.

*

వచ్చింది సర్వేయరు కాదు, సర్వేయరమ్మ. యాభై దాటి ఉంటాయి. భుజాన గుడ్డ సంచి, అందులో టేపు, అయస్కాంతం, పుల్లకు కట్టిన చిన్న అద్దం, మోకాళ్ళ కింద వేసుకోవడానికి పాత పేపరు. అక్క మంచినీళ్ళు తెస్తే వద్దంది. "ఏమీ అనుకోకండి. క్లెయిము తేలేదాకా మీ ఇంట్లో నీళ్ళు కూడా తాగకూడదు. రూలు."

అక్క గ్లాసు పట్టుకునే షెడ్డు గడప మీద కూర్చుంది. కారు వైపు రాలేదు.

సర్వేయరమ్మ కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. కాగితం చూసుకుంది, మళ్ళీ కారును చూసింది.

"సొట్ట ఏదీ?"

"తీసేశానమ్మా," అన్నాడు బావ.

"తీసేశారా? ఎక్కడికి?"

"ఎక్కడికని చెప్పను. కొడితే పోయింది." కాసేపు చేతులు నలుపుకుని, "కావాలంటే మళ్ళీ పెట్టిస్తాను. ఉన్నది ఉన్నట్టు. వెంట్రుకవాసి తేడా రాదు," అన్నాడు.

"పెద్దాయనా, ఆ మాట నేను వినలేదు."

"అయితే ఇంకొంచెం గట్టిగా చెప్పనా?"

"ఏమండీ," అంది అక్క గడప మీద నుంచి. "వినలేదంటే వినలేదనే. మీరు కాసేపు ఊరుకోండి."

సర్వేయరమ్మ నవ్వలేదు గాని కళ్ళద్దాలు తుడుచుకుంది. "చూడండి, వాళ్ళ దగ్గర ఫోటోలున్నాయి. బండి కదిలాక తీసినవి, సొట్ట మసగ్గా ఉంది, అయినా ఉన్నాయి. మీ దగ్గరున్న సాక్ష్యం సొట్ట ఒక్కటే. ఎవరు ఎవర్ని గుద్దారో అదే చెప్పాలి. అది కూడా లేకపోతే నేనేం రాయాలి? కంటికి కనిపించినదే రాయాలి."

అక్క గ్లాసును గడప మీద పెట్టింది. "రాసెయ్యండి. తప్పు నాదేనేమో."

నాకు నిన్నటి ఫోను గుర్తొచ్చింది. ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది. తలొంచుకుని నేల చూస్తున్నాను. సర్వేయరమ్మ వెంటనే పోలేదు. ఎందుకు పోలేదా అని తలెత్తాను. ఆమె పేపరు పరచుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. అరచేతిని రేకు మీద ఆనించి, నీళ్ళ తొట్లో చేయి పెట్టినట్టు మెల్లగా జరుపుతోంది. అయస్కాంతం నాలుగు చోట్ల పెట్టి చూసింది. నాలుగు చోట్లా ఒకేలా అంటుకుంది.

"సొట్ట పూడ్చే పుట్టీ ఎక్కడా లేదు," అంది తనలో తను. "రంగు పగిలింది గాని రేకు ఎక్కడా సాగలేదు. పెద్ద పెద్ద షాపుల్లో కూడా ఇట్లా రాదు. ఎలా తీశారు?"

పని గురించి అడిగేసరికి బావకు ప్రాణం లేచొచ్చింది. "అది ఎలా పడిందో అలాగే తీయాలమ్మా. చివర పడింది ముందు లేవాలి, మొదట పడింది ఆఖర్న లేవాలి. వరస తప్పితే రేకు ముడతపడుతుంది. వరస తెలియాలంటే ముందు అచ్చు తీసుకోవాలి."

"ఏం అచ్చు?"

"సొట్టదే. తడిమట్టి ముద్ద ఒత్తుతాం. కొట్టడం మొదలుపెట్టాక అసలు సొట్ట మారిపోతుంది కదా, అచ్చు చూసుకుంటూ కొడతాం."

సర్వేయరమ్మ లేచి నిలబడింది. "దీనికీ తీశారా?"

"తీయకుండా చేయి వేయను."

"ఎక్కడ?"

బావ తొట్టి వైపు చూశాడు. పని అయ్యాక అచ్చును మట్టి తొట్లో వేసి నానబెట్టేస్తాం, మళ్ళీ మట్టి వాడుకోవాలి కదా. ఆయన ముఖంలో అయోమయం కనిపించింది. వేశాడో లేదో ఆయనకే గుర్తులేదు. నా నోటి మాట ఆయన సుత్తిని ఆపింది గదా, ఆ తర్వాత ఏం చేశాడో.

పొద్దున ఆ మాట చెప్పి షెడ్డులోంచి వెళ్ళేటప్పుడు నేను చూశాను. "బల్ల మీద ఉంది," అన్నాను. "గోనెపట్టా కింద."

ముగ్గురూ నా వైపు చూశారు.

"ఉండాలి మరి," అన్నాడు బావ, తేరుకుని. "గిన్నె ఇచ్చినవాళ్ళు వచ్చి చూసి, బాగుందని ఒప్పుకునేదాకా అచ్చు తొట్లో వేయం. మా నాన్న నాటి పద్ధతి. ఈ బండి ఇచ్చింది ఈవిడ. ఈవిడ ఇంకా ఇటు మొహం తిప్పలేదు కదా."

అచ్చును రెండు చేతులా ఎత్తి తెచ్చాడు. పళ్ళెమంత మట్టి, నడుమ ఉబ్బెత్తు. ఆ ఉబ్బెత్తు మీద ఆరు పలకల బోల్టు తల మొలిచినట్టు ఉంది. బోల్టు నుంచి ఒక చిన్న గీత పైకి లేచి ఆగిపోయింది. సర్వేయరమ్మ కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, ముక్కు మట్టికి తగిలేంత దగ్గరగా చూసింది.

"ఇది ఎటు పైన, ఎటు కింద?"

"కింద ఇది, డిక్కీ తలుపు అంచు. ఎప్పుడు తీసినా అంచు దాకా తీస్తాం. లేకపోతే తిరిగి చూసినప్పుడు ఎక్కడిదో తెలియదు."

"ఎండితే కుంచించుకుపోదూ?"

"పోతుంది. పొద్దున తీసిందే, ఇంకా పచ్చిగా ఉంది. ఇప్పుడు కొలుచుకోండి."

ఆమె అంచు నుంచి బోల్టు దాకా కొలిచింది. డిక్కీ మూసి, అంచు నుంచి నేల దాకా కొలిచింది. రెండూ కలిపి రాసుకుంది. తర్వాత సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. నిన్న వ్యానును చూసి వచ్చిందట. ముందున్న ఇనప గార్డు బోల్టు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో అందులో ఉంది.

"వ్యాను బోల్టు ఎత్తుగా ఉంది. మీ సొట్ట నాలుగు వేళ్ళు కిందికి ఉంది," అంది. గడప వైపు తిరిగింది. "అమ్మా, ఆ రోజు డిక్కీలో బరువేమైనా ఉందా?"

"లేదు. అన్నీ దించేసి వస్తున్నా."

"మీరు పదకొండేళ్ళుగా నడుపుతున్నారట. పరిగెత్తే బండికి ఒక్కసారిగా బ్రేకు కొడితే ముందు పక్క ఏమవుతుంది?"

"ముక్కు దించుతుంది," అంది అక్క.

"ఆగి ఉన్న బండికి?"

"ఆగి ఉన్నది ఎందుకు దించుతుంది..." అని అక్క ఆగిపోయింది. గడప మీద నుంచి లేచింది. గ్లాసు కాలికి తగిలి పడింది, చూడలేదు. ఐదు రోజుల్లో మొదటిసారి కారు దగ్గరికి వచ్చి, అచ్చు మీదికి ఒంగింది. వేలితో బోల్టును తాకింది, గీత వెంబడి పైకి పోయింది.

"వాడు ఆగి ఉంటే బోల్టు పైన తగలాలి. కింద తగిలింది. ముక్కు దించుకుని వచ్చాడు." వేలును గీత చివర ఆపింది. "గుద్దాక బండి ఆగి, ముక్కు లేచింది. ఈ గీత అదే."

"అందుకే నేను పై నుంచి కొట్టుకుంటూ దిగాను," అన్నాడు బావ. "చివర పడింది పైనే. ఎందుకలా పడిందో మాత్రం నాకు తెలియలేదు."

సర్వేయరమ్మ అచ్చును అన్ని వైపుల నుంచీ ఫోటో తీసింది. పాత గుడ్డల్లో చుట్టి అట్టపెట్టెలో పెట్టించుకుంది. రసీదు రాసి ఇచ్చింది: మట్టి ముద్ద, ఒకటి. బావ దాన్ని నాలుగుసార్లు చదువుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ఇది చెల్లుతుందా అండీ?" అడిగింది అక్క.

"తెలియదమ్మా. ఇరవై రెండేళ్ళ సర్వీసులో మట్టి సాక్ష్యం నేనూ చూడలేదు. ఏం రాస్తారో చూడాలని నాకూ ఉంది."

*

పద్నాలుగు రోజులు పట్టింది. తాళంచెవి మేకుకే ఉంది. కానీ అక్క రోజూ ఒకటి అడిగేది. ఒకనాడు, వాన రోడ్డు మీదైతే ముక్కు ఎంత దించుతుంది అని. ఇంకోనాడు, వ్యాను నిండుగా ఉంటే అని. మా ఇద్దరికీ తెలియదు. తెలియదని చెప్పేవాళ్ళం. ఆమె రోడ్డు పక్కన నిలబడి, ఆగే బండ్ల ముక్కులు చూసి వచ్చేది.

పదిహేనో రోజు పొయ్యి మీంచి అన్నం దించే వేళకు సర్వేయరమ్మ వచ్చింది. చంకలో అట్టపెట్టె. కంపెనీవాళ్ళు తేల్చి రాసిన కాగితం అక్క చేతికే ఇచ్చింది. అక్క చదివింది. మళ్ళీ చదివింది. నాకిచ్చింది. "ప్రమాద సమయమున కారు నిలిచి ఉన్నది. వ్యాను కదలికలో ఉన్నది." కింద ఇంకా చాలా ఉంది గాని, మేం అంతవరకే చదివాం.

అక్క షెడ్డు వెనక్కి నడిచింది. డిక్కీ ముందు నిలబడి, ఎండ పడే పక్కకు ఒకసారి, నీడ పక్కకు ఒకసారి తల వాల్చి చూసింది. చేత్తో తడిమింది.

"బాగుంది," అంది.

బావ అట్టపెట్టె విప్పి, ఎండి తేలికైన అచ్చును తొట్లోకి వదిలాడు. అది బుడగలు తేలుస్తూ మెల్లగా విచ్చుకుంది. బోల్టు తల అన్నిటికంటే చివర కరిగింది. సర్వేయరమ్మ చివరి దాకా నిలబడి చూసింది.

"ఇప్పుడు రూలు లేదుగా," అంది అక్క. "చేతులు కడుక్కోండి."

నలుగురం షెడ్డులోనే కూర్చున్నాం. బావ సొట్టలు తీసిన పళ్ళాల్లోనే అక్క అన్నం పెట్టి, కూర వేసి, తను కూడా కూర్చుంది. తాళంచెవి ఎప్పుడు తీసిందో, ఆమె పళ్ళెం పక్కన నేల మీద ఉంది. సర్వేయరమ్మ ఎడమచేత్తో తన పళ్ళెం అడుగున తడుముతూ, ఒకప్పటి సొట్ట ఎక్కడుందో వెతుకుతోంది. బావ అది గమనించాడు. ఎక్కడుందో ఆయనకు తెలుసు. చెప్పకుండా, ముద్ద కలుపుకున్నాడు.