దాపరికం

ల్యాబులో అందరూ ఆమెను బొంగరం అంటారు. ఒక్కచోట నిలబడితే ఒట్టు. పొద్దున్నే వచ్చి బోర్లించిన గాజుపళ్ళేలు తీసి వెలుతురుకి పట్టి చూస్తుంది, ఏ బూజు ఎంత పాకిందో కొలుస్తుంది, చేతులు కడుక్కుంటుంది, మళ్ళీ మొదటి పళ్ళెం దగ్గరికే వస్తుంది.

బూజు తిన్న చక్కెరలో ఎంత పెరగడానికి వాడాలో, ఎంత లోపల దాచాలో తేల్చేవి ఎంజైములు. వాటిని తయారుచేయించేవి జన్యువులు. జన్యువుల అసలు పేర్లు నోరు తిరగవు కాబట్టి అక్కడ ముద్దుపేర్లు పెట్టుకుంటారు. ఎవరు బూజులోంచి ఏ జన్యువును తీసేస్తే, ఆ పేరున్న గుణం వాళ్ళలోంచి కూడా పోతుంది. అక్కడ అది మామూలే. 'తిండియావ'ను తీసిన లావుపాటాయన ఇప్పుడు జారే ప్యాంటు పట్టుకుని తిరుగుతున్నాడు.

ఈసారి బొంగరం వంతు. చక్కెరను దాచే ఎంజైము జన్యువు. సరదాకి దానికి 'దాపరికం' అని పేరు పెట్టింది కూడా తనే.

"పొదుపు అని పెట్టాల్సిందమ్మా," అన్నారు పెద్దసారు. "మహా అయితే దుబారా మనిషివయ్యేదానివి."

"ఇప్పుడు మార్చొచ్చా సార్?"

"డబ్బాలన్నిటి మీదా ఆ పేరే అంటించేశాం కదా."

ఆమెకున్న దాపరికం ఒక్కటే. అమ్మానాన్నా పోయాక తనను పెంచిన అక్కను వదిలి, వేరే ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళాలని ఉంది. రమ్మని పిలుపూ వచ్చింది. ఈ వారంలోగా జవాబు చెప్పాలి. అక్క మొహం చూస్తే మాట పెగలదు.

జన్యువు తీసేసింది. రెండు రోజులకే ఆ బూజు ఏమీ దాచుకోకుండా, తిన్నదంతా పెరగడానికే పెట్టేసి పళ్ళెం అంచు దాకా పాకింది.

ఆ సాయంత్రమే, ఇంట్లో అక్క మిషను మీద చొక్కా కుడుతోంది.

"కాసేపు కూర్చోవే. నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"అక్కా, నేను వెళ్ళిపోతాను. ఇక్కడ నాకు ఊపిరాడట్లేదు."

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా ఉద్యోగం సంగతి, తీసేసిన జన్యువు సంగతి, భయం, అన్నీ వేళ్ళ సందుల్లోంచి బయటికొచ్చేశాయి.

మిషను ఆగింది.

"పిచ్చిమొహమా," అంది అక్క. "గుండీల కొట్టాయన ఎన్నేళ్ళుగానో నన్ను పెళ్ళికి అడుగుతున్నాడు. నువ్వు ఒంటరిదానివైపోతావని కాదంటూ వస్తున్నా."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నాకెవరు తీశారే ఆ జన్యువు?"

బొంగరం నేల మీద కూలబడి, సిగ్గు లేకుండా ఏడ్చింది. అక్క కూడా కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని, జుట్టు సరిచేసుకుని చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?"

"నువ్వు వాళ్ళకి జవాబు రాయి. కొట్టు కట్టేసేలోపు నేను వెళ్ళొస్తా."