భీముడికి దిష్టిచుక్క

మా ఇంట్లో కోడిగుడ్డు గడప దాటి లోపలికి రాదు. ఈ ముక్క ముందే చెప్పకుండా, న్యూజెర్సీలో ఈ పార్సిప్పనీ ఊరు మొత్తంలో నాలాగా నత్తల్ని పెంచినవాళ్లు లేరంటే మీరు గొప్పలనుకుంటారు. గొప్పలే. కానీ నిజం.

మా రేణుకి అప్పుడు పదకొండేళ్లు. ఎనభై నాలుగో సంవత్సరం. లైబ్రరీ పుస్తకంలో అరచెయ్యంత ఆఫ్రికా నత్త బొమ్మ చూసి, అలాంటిది కావాలని పేచీ పెట్టింది. అవి పంటల్ని తినేస్తాయని ఈ దేశంలో పెంచనివ్వరట. పీడా పోయిందనుకున్నాను. మర్నాడే అపార్ట్‌మెంట్ల వెనక చెట్లలోంచి రెండు నత్తల్ని పట్టుకొచ్చి, పాత చేపల తొట్టిలో మట్టి పోసి కాపురం పెట్టించింది. అందులో నిమ్మకాయంత ఉన్నదానికి భీముడని పేరు పెట్టింది.

జూన్‌లో భీముడు గుడ్లు పెట్టాడు. మావారు హరనాథ్ పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు.

"నవ్వకు డాడీ! నత్తలో బాయ్, గర్ల్ వేరే ఉండదు. హీ ఈజ్ బోత్!" అంది రేణు ఉక్రోషంగా.

"అర్ధనారీశ్వరుడు. మనకేమన్నా కొత్తా?" అన్నాను నేను. అప్పటిదాకా తొట్టి వైపు చూస్తేనే చిరాకు పడ్డదాన్ని, ఆ రోజు నుంచి దాని పక్కనే కుర్చీ వేసుకున్నాను.

తొలి కాన్పు పిల్లలు పుట్టినవి పుట్టినట్టే పోయాయి. వాటి గుల్లలు ఉల్లిపొర కంటే పల్చన. గుడ్డు పెంకుల పొడి తినిపిస్తే గుల్ల గట్టిపడుతుందని పుస్తకంలో రాసి ఉంది. కుదరదన్నాను. రేణు ఏడ్చింది. దాని ఏడుపు చూడలేకపోయాను కానీ, గుడ్డు గుడ్డే కదా.

అప్పుడు నాకు ముగ్గు డబ్బా గుర్తొచ్చింది. బియ్యప్పిండి కాదు, రాయి దంచిన అసలు ముగ్గు. తెనాలి నుంచి తెస్తుంటే ఆ తెల్లపొడి చూసి కస్టమ్స్‌వాడు నన్ను గంటసేపు నిలబెట్టాడు. పెంకులో ఉన్నదీ రాతిలో ఉన్నదీ ఒకే సున్నం కాదా అని మావారిని అడిగాను. ఆయన కెమికల్ ఇంజనీరు.

"ఐడియా బానే ఉంది ప్రమోదా" అన్నారు. పదమూడేళ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

తడి పలక మీద ముగ్గుతో ఒక గీత గీసి తొట్టిలో పెట్టాను. నత్తలు వచ్చి గీకి గీకి తిన్నాయి. ఆగస్టు కాన్పులో ముప్పై ఒక్క పిల్లలు పుడితే ఒక్కటీ పోలేదు. ఆ సంగతి ఫోన్ చేసి చెప్పని తెలుగువాళ్లు న్యూజెర్సీలో ఎవరూ మిగల్లేదు.

అక్టోబర్‌లో ఒక శనివారం లైబ్రరీలో పిల్లల పెంపుడు జంతువుల ప్రదర్శన పెడుతుంటే రేణు భీముడి పేరిచ్చింది. గురువారం సాయంత్రం పక్క అపార్ట్‌మెంట్ జానకీదేవి గారు నత్తపిల్లల్ని చూడ్డానికి వచ్చి, "ఒక్కటీ చావలేదా ప్రమోదా!" అని మూడుసార్లు అన్నారు. మూడుసార్లు! శుక్రవారం పొద్దున్నే గుప్పెడు ఉప్పు తీసుకుని రేణుకి దిష్టి తీశాను. అదే చేత్తో తొట్టి చుట్టూ కూడా తిప్పాను.

"అమ్మా, సాల్ట్!" అని కేక పెట్టింది రేణు.

నాలుగు ఉప్పురాళ్లు తొట్టిలోకి జారి భీముడి మీద పడ్డాయి. వాడి ఒళ్లంతా నురగ. నత్త మీద ఉప్పు పడితే ఏమవుతుందో నాకు తెలియక కాదు. దిష్టి తీసే చేతికి ఆ ఆలోచనే రాలేదు. కుళాయి కింద పెట్టి కడిగాను. వాడు గుల్లలోకి ముడుచుకుపోయాడు, మళ్లీ రాలేదు.

"యూ కిల్డ్ హిమ్" అని ఒక్క మాట అని రేణు బస్సెక్కింది. ముప్పై ఒక్కటి బతికించానని ఊరంతా చాటుకున్న నోటితో ఇప్పుడెవరికి ఏం చెప్పను?

శనివారానికి కూడా వాడు కదల్లేదు. "డెడ్ అయినా తీసుకెళ్తా" అంది రేణు. ఇక నాకు తోచిందొక్కటే. కాటుక తీసి గుల్ల మీద దిష్టిచుక్క పెట్టాను. ఫస్ట్ గ్రేడ్‌లో తన బుగ్గ మీద పెట్టిన చుక్కని స్కూల్ బస్సులోనే తుడిచేసుకున్న పిల్ల, భీముణ్ణి అరచేతిలో పెట్టుకుని కారెక్కింది.

లైబ్రరీలో కుందేళ్లు, చిట్టెలుకలు, ఒక చిలక ఉన్నాయి. మా వంతు రాగానే పలక మీద ముగ్గు గీత గీసి, భీముణ్ణి పక్కన పెట్టాను. ఎంతసేపో. చివరికి ఒక కొమ్ము బయటికొచ్చింది. తర్వాత రెండోది. భీముడు తాపీగా గీత దగ్గరికి పాకి తినడం మొదలుపెట్టాడు.

ఆ తెల్లపొడి ఏమిటని లైబ్రరీ ఆవిడ అడిగింది.

"మై మామ్స్ ముగ్గు!" అని మైకులో గట్టిగా చెప్పింది రేణు. మా ఇంట్లో గుడ్లు తినరనీ, అందుకే అమ్మ ఈ ఉపాయం కనిపెట్టిందనీ, ఇది ఏ పుస్తకంలోనూ లేదనీ ఇంగ్లీషులో చెప్పుకుపోయింది. మరి ఆ నల్లచుక్క ఏమిటని ఆవిడ అడిగితే నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. "అందరూ చూస్తారు కదా, చెడుకన్ను తగలకుండా మా అమ్మ పెట్టింది" అని ఆవిడకి ఇంగ్లీషులోనే చెప్పి, వేలితో నన్ను చూపించింది. హాలు హాలంతా తిరిగి నన్ను చూసి చప్పట్లు కొట్టింది.

ఫస్ట్ ప్రైజు చిలక్కిచ్చారు. కళ్లు లేనివాళ్లు.

కారెక్కాక రేణు నా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కాటుక భరిణె తీసింది. "ఇటు తిరుగమ్మా. ఎవ్రీబడీ నిన్నే చూశారు" అంటూ నా బుగ్గ మీద ఇంత చుక్క పెట్టింది.

దారిలో పాల కోసం స్టోర్‌లో ఆగాం. క్యాష్ రిజిస్టర్ దగ్గర అమ్మాయి నా బుగ్గ వైపే చూస్తోంది. నేను తుడుచుకోలేదు.