వంకర వేలు

ఆసుపత్రిలో కూతురి మంచం పక్కనే మిల్లు గేటు కాపలావాడు డాక్టరు కాలరు పట్టుకుని గోడకేసి కొట్టాడు.

"తట్టు తగ్గిన దగ్గర్నించీ నా కూతురి మీద అడ్డమైన రోగమూ పడుతోంది. మొన్న చెవిలో చీము, ఇప్పుడు నిమోనియా. ఏడ్చినట్టుంది నీ వైద్యం."

డాక్టరు పెదవి మీది రక్తం తుడుచుకున్నాడు. "దొంగల మొహాలన్నీ నీకు గుర్తే కదా. ఎవడో నీ తల పగలగొట్టి అవన్నీ మరిపిస్తే గేటెలా కాస్తావు? తట్టు చేసింది అదే. పాత రోగాలను కూడా పాప ఒళ్ళు పోల్చుకోలేకపోతోంది. టీకా వేయించి ఉంటే తట్టే వచ్చేది కాదు."

కాపలావాడి పట్టు సడలింది. నిరుడు ఇంటికొచ్చిన టీకా నర్సును "లేని రోగం అంటిస్తావా" అంటూ వేలు విరిచి గెంటేసింది అతనే.

"తప్పుకో," అంటూ ఒకావిడ వచ్చి పాప చేతికి సూది గుచ్చింది. ఆమె చూపుడువేలు వంకరగా అతుక్కుని ఉంది.

అతను ఏ మొహమూ మరిచిపోడు.