రేవణసిద్ధప్ప వీపు

పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో సంగమ్మ మొగుడి ముఖం కన్నా వీపునే ఎక్కువ చూసింది. న్యాల్‌కల్ నుంచి జహీరాబాద్ బజారుకు పోయినా, చుట్టాల పెళ్లికి పోయినా రేవణసిద్ధప్ప ముందు, ఆమె పదడుగులు వెనక. ఆయన తల తిప్పకుండానే మాట్లాడతాడు, ఆమె "ఊ" కొడుతుంది. మగవాడు పెళ్లాం కోసం వెనక్కి తిరిగితే నలుగురూ నవ్వుతారని ఆ ఇంట్లో తాతల నాటి భయం. ఆ నవ్వే నలుగురెవరో సంగమ్మకు ఇంతవరకూ కనబడలేదు.

పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో ఆయనకు గుండెదడ వస్తే ఇద్దరూ హైదరాబాద్ దవాఖానకు పోయారు. డాక్టరు పరీక్ష చేసి, "ఫికర్ ఏం లేదు. రోజూ జరసేపు నడువు. ఉరుకొద్దు. పక్కన మీ ఆమెతోటి మాట్లాడుకుంట నడువు" అన్నాడు. ఆ 'పక్కన' అన్న మాటను ఆయన విన్నాడో లేదో గానీ, సంగమ్మ మాత్రం కొంగున ముడేసుకుంది.

బస్సుకు ఇంకా రెండు గంటలుంది. నాంపల్లిలో నిజాం కాలం నాటి పబ్లిక్ గార్డెనుకు చేరారు. కత్తిరించిన పచ్చిక, వరసగా గులాబీ మళ్లు, చుట్టూ తిరిగి మొదటికే వచ్చే గుండ్రటి బాట. ఆ బాట మీద జంటలు భుజం భుజం రాసుకుంటూ నడుస్తున్నాయి. ఒక్క చుట్టు, ఒక్కటంటే ఒక్క చుట్టు ఆయన పక్కన నడవాలని సంగమ్మకు ప్రాణం లాగింది. అడగడానికి సిగ్గు.

"ఇంత జాగల ఉత్త గడ్డి పెంచిన్రు. శనగలేస్తే ఎంత పంటొచ్చు" అంటూ రేవణసిద్ధప్ప తువ్వాలు భుజాన వేసి బయల్దేరాడు. చేలో పశువులు పడ్డాయని కబురొచ్చినట్టే ఉంది ఆ నడక. సంగమ్మ రెండుసార్లు పరుగున దగ్గరికి పోయింది. వెనక అడుగుల చప్పుడు దగ్గరపడేసరికి, తాను నెమ్మదించానని తొందరపెడుతోందనుకుని ఆయన ఇంకా వేగం పెంచాడు. మూడోసారి ఆమెకు ఒళ్లు మండింది. గులాబీల పక్కన రాతి బెంచీ మీద చతికిలబడింది.

"పో. ఎంత దూరం పోతవో నేనూ చూస్త" అని గొణుక్కుంది.

ఆయన ఎర్ర ఎద్దును అమ్మాలా వద్దా అని మాట్లాడుతూనే మలుపు తిరిగాడు. ఆయన వెనకే టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకరు చేతికర్రతో నడుస్తూ పోయారు.

కాసేపటికి సంగమ్మ కోపం దిగిపోయి భయం పట్టుకుంది. గుండెదడ మనిషిని ఒంటరిగా వదిలేశానే అని తన్ను తానే తిట్టుకుంది. లేవబోతుండగా రెండో వైపు నుంచి మనిషి కన్నా ముందు గొంతు వచ్చింది.

"దవాఖానల నాకు మస్తు భయమైంది, సంగమ్మా. నేను పోతే నువ్వెట్ల అని కాదు. నువ్వే ముందు పోతే నా ఎనక ఊ అనేదెవరు అని."

"ఊ" అన్నారు వెనక ముసలాయన.

రేవణసిద్ధప్ప మలుపు తిరిగి, ఎదురుగా బెంచీ మీద పెళ్లాన్ని చూశాడు. కాలు ఆగిపోయింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి వెనక్కి తిరిగాడు.

"నా పేరు జగన్‌మోహన్. సర్కారు కచేరిల పనిజేసి రిటైరైన" అన్నారు ముసలాయన మర్యాదగా. "మనసు విప్పి మాట్లాడేటోళ్లను నడుమ ఆపుడు తమీజ్ కాదని ఊకున్న. ఎర్ర ఎద్దును మాత్రం అమ్మకున్రి. తక్కిన ముచ్చట అమ్మకే చెప్పున్రి." టోపీ సర్దుకుని తన దారిన పోయారు.

"గొంతు బొంగురుపోయిందేందే, గాలి తాకిందా అనుకున్న" అన్నాడు రేవణసిద్ధప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ.

సంగమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. లేచి ఆయన పక్కకు వచ్చింది. కొత్తగా కాడి కట్టిన ఎడ్లలా ఒకరు ముందుకు, ఒకరు వెనక్కి అవుతూ రెండో చుట్టు నడిచారు. ఆయన చూపంతా అడుగుల మీదే.

"మాట్లాడుమని చెప్పిండు గద డాక్టరు."

"అన్నీ ఆయనకే చెప్పిన. ఏం మిగల్లే."

పొద్దు గుంకే వేళకు జహీరాబాద్‌లో బస్సు దిగారు. చాయ్ హోటల్ ముందు ఊరివాడు చెన్నబసప్ప మరో ముగ్గురితో కూర్చుని ఉన్నాడు. వాళ్లను చూడగానే రేవణసిద్ధప్ప తువ్వాలు భుజాన వేసి చకచకా ముందుకు సాగాడు. తోట ముచ్చట తోటలోనే అయిపోయిందనుకుని, సంగమ్మ సంచి ఎత్తుకుని ఆ వీపు వెంట నడిచింది.

సరిగ్గా హోటల్ ముందు ఆ వీపు ఆగింది. ఆయన పూర్తిగా వెనక్కి తిరిగాడు.

"సంగమ్మా, ఉన్నవా?"

చెన్నబసప్ప పకపకా నవ్వాడు. తక్కిన ముగ్గురూ అందుకున్నారు. ఇన్నేళ్లకు సంగమ్మకు ఆ నలుగురూ కనబడ్డారు. రేవణసిద్ధప్ప చెవులు ఎర్రబడ్డాయి గానీ, ఆమె వచ్చి పక్కన నిలబడేదాకా అక్కడినుంచి కదల్లేదు.

"ఊ" అంది సంగమ్మ.